నాన్న ఎడమ కాలి తూకం

నేను చేపలు తూచి బతికినదాన్ని. తక్కెడ కర్రను చిటికెన వేలితో నొక్కి తూకం మోసం చెయ్యడాన్ని మావాళ్ళు దండి కొట్టడం అంటారు. నేను దండి కొట్టానని సంతలో ఏ ఒక్కరూ అనలేదు. అనే ధైర్యం ఉన్నవాళ్ళు చేప లేకుండానే ఇంటికి పోయేవారు. ఇంట్లో మాత్రం ఒక్కరు అన్నారు. అది మా నాన్న. ఆయన అన్నది నిజమే.

నాన్న సరుకు పడవకు తండేలు, అంటే పడవకు పెద్ద. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి కాలువలు తవ్వాక మావాళ్ళలో చాలామంది వలలు గోడకు తగిలించి పడవలెక్కారు. తణుకు వైపు నుంచి బెల్లం, ధాన్యం తీసుకుపోయి, వచ్చేటప్పుడు ఉప్పు తెచ్చేవారు. నాన్న పడవ వెనక అంచున కూర్చుని, రెండు చేతులతో తెరచాప తాళ్ళు పట్టుకుని, చుక్కాని కర్రను ఎడమ పాదంతో తొక్కేవాడు. కాలువ మీద అక్కడక్కడా లాకులుంటాయి. నీటి ఎత్తు మారేచోట రాతిగోడల మధ్య పెద్ద తలుపులు పెట్టి కట్టినవి. ఆ ఇరుకులోకి పడవ దూరేటప్పుడు తొక్కుడు కాస్త తేడా వస్తే చాలు, పడవ పక్కచెక్క రాయికి కొట్టుకుని పగులుతుంది. ఇరవై ఏళ్ళలో నాన్న పడవకు ఒక్క గీత పడలేదు. ఆ సంగతి ఆయన రోజుకొకసారైనా చెప్పేవాడు.

ఒక ఏడాది ఫాల్గుణమాసంలో, పొద్దున్నే చద్దన్నం ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఎడమ పక్కకు ఒరిగిపోయాడు. గాలి సోకిందని అమ్మ దిష్టి తీసింది. పక్షవాతం అని వైద్యుడు గారు చెప్పారు. మాట పోలేదు, అది మా అదృష్టం. తిట్లు కూడా పోలేదు, అది అమ్మ దురదృష్టం. చెయ్యి నెల తిరక్కుండానే దారిలో పడింది. కాలు మాత్రం మొండికేసింది.

నా పెనిమిటి ఆ ఏడు కూలికి ఓడెక్కి రంగం, అంటే రంగూన్, వెళ్ళి ఉన్నాడు. నేను పుట్టింట్లోనే ఉండి చేపలు అమ్ముతున్నాను. అందుకని ఈ కాలి పని నా నెత్తిన పడింది. పడిందని నేను ఏడవలేదు. నాకు చేతకాని పని ఇంకొకరికి చేతనవుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

పడవ ఆసామి, బియ్యం వర్తకం చేసే షావుకారు గారు, చూడ్డానికి వచ్చి మంచం పక్కన పీట మీద కూర్చున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఉన్నమాట మెత్తగా చెప్పే మనిషి.

"ఎలాగూ వేసవి మరమ్మతులకి కాలువలు కట్టేస్తారు కదండీ తండేలు గారూ. జ్యేష్ఠంలో మళ్ళీ నీళ్ళు వదిలేనాటికి మీరు చుక్కాని దగ్గర కూర్చోగలిగితే పడవ మీదేనండి. లేదంటే, ఏవీ అనుకోకండి, వేరే మనిషిని చూసుకోవాలి."

"ఆయ్, కూర్చుంటానండి," అన్నాడు నాన్న. షావుకారు గారు వెళ్ళిపోయాక గోడవైపు తిరిగి పడుకున్నాడు. "చుక్కాని తొక్కలేనోడు తండేలేంటే? చింకి వలలు బాగు చేసుకుంటా ఈ అరుగు మీద కూచోవాలి కాబోలు," అన్నాడు నాతో. అంత చిన్న గొంతు ఆయన దగ్గర ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

వైద్యుడు గారు రోజు విడిచి రోజు వచ్చి పాదాన్ని అరచేత్తో నొక్కి చూసి, "నిన్నటి మీద నయం," అనేవారు. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ అదే మాట. నిన్న చూడనివాళ్ళు కూడా నిన్నటి మీద నయం అనేవారు. ఒకరోజు నేను ఉండబట్టలేక అడిగాను.

"ఎంత నయమండీ?"

ఆయన నవ్వారు. "ఎంత అంటే ఏం చెప్పనమ్మా? ఒంట్లో బలానికి తక్కెడుంటుందా?"

"మా ఇంట్లో ఉందండి," అన్నాను.

నిజంగానే ఉంది. రేవులో గంపలకొద్దీ చేపలు కొనేటప్పుడు వాడే పెద్ద తక్కెడను ఆ మధ్యాహ్నమే దూలానికి వేలాడదీశాను. ఒక పళ్ళెంలో తూకపు రాళ్ళు. రెండో పళ్ళెం విప్పేసి, దాని బదులు తాడుతో ఉచ్చు కట్టాను. నాన్నను మంచం అంచున కూర్చోబెట్టి, మడమ కింద ఇటుక పెట్టి, పాదం ముందు భాగాన్ని ఉచ్చులో దూర్చాను. మడమ కదలకుండా వేళ్ళవైపు కిందికి తొక్కితే రాళ్ళ పళ్ళెం పైకి లేస్తుంది. ఎన్ని రాళ్ళు లేస్తే అంత బలం. ముందుగా మంచి కాలు చూశాం. పది వీశెల రాళ్ళను కుడి కాలు పిల్లి తోక ఎత్తినట్టు ఎత్తేసింది. నా దగ్గర అంతకు మించి రాళ్ళు లేవు. తర్వాత ఎడమ కాలు. ఖాళీ పళ్ళెం కూడా లేవలేదు.

నాన్న చెమటలు తుడుచుకుని, "తీసెయ్యవే ఆ దిక్కుమాలిన తక్కెడ," అన్నాడు. నేను తియ్యలేదు.

అయిదో రోజుకి ఖాళీ పళ్ళెం లేచింది. పదో రోజుకి పావు వీశె రాయి లేచింది. ఆ పావు వీశెను అమ్మ కళ్ళకద్దుకుంది. అర వీశెకొకటి చొప్పున వల దారానికి ముడి వేసి దాన్ని నాన్న మంచం కోడుకు వేలాడదీశాను. పరామర్శకు వచ్చినవాళ్ళకు నాన్న ఇప్పుడు ముడులు చూపించేవాడు. "నయం గియం కాదు, ఎన్ని ముడులో లెక్కెట్టుకోండి," అనేవాడు. ఆయన గొంతు మళ్ళీ కాలువ ఆవలి గట్టుకు వినిపించసాగింది.

తూకానికి కట్టుబాట్లు పెట్టాను. రోజూ పొద్దున్న, నూనె మర్దనకీ తవుడు మూటల కాపడానికీ ముందే తూచాలి. కాపడం పెట్టాక అర వీశె ఎక్కువ తూగుతుందని నేను కనిపెట్టాను. అది పొయ్యి బలం గాని కాలి బలం కాదు. ఇంకొకటి, నాన్న మోసగాడు. మడమ ఎత్తేసి నడుముతో తోసి రాళ్ళు లేపేవాడు. అందుకని మడమ కింద తమలపాకు పెట్టి తొడిమ అమ్మ చేతికిచ్చాను. ఆకు ఊడి చేతికొస్తే ఆ తూకం చెల్లదు. మొదట్లో రోజుకు రెండు మూడు ఆకులు ఊడొచ్చేవి. అమ్మ వాటిని నోట్లో వేసుకుని, "నా నోరు పండిస్తున్నాడు మీ నాన్న," అనేది.

వైశాఖం చివరకు ఏడు వీశెలు వచ్చింది. కర్ర పట్టుకుని వాకిట్లో నూతిదాకా వెళ్ళి వస్తున్నాడు. చుక్కాని తొక్కడానికి ఆరు చాలు అని ఆయనే చెప్పాడు. వైద్యుడు గారు కూడా తక్కెడ చూసి, ముడులు లెక్కపెట్టి, ఇకమీదట నిన్నటి మీద నయం అననని ఒప్పుకున్నారు. నాకు గర్వంతో నేల కనిపించలేదు. నేల కనిపించలేదన్నది ఊరికే వాడిన మాట కాదని తర్వాత తెలిసింది.

నేనే వెళ్ళి షావుకారు గారిని పిలుచుకొచ్చాను. ఆయన కళ్ళ ముందు నాన్న ఏడు వీశెలూ లేపాడు. తమలపాకు చెక్కుచెదరలేదు. "భలేవారండీ!" అని ఆయన లేచారు. సాగనంపుదామని నాన్న కూడా కర్ర పక్కన పెట్టేసి దర్జాగా లేచాడు. నాలుగడుగులు వేశాడు. గడప దగ్గర ఎడమ కాలి వేళ్ళు తగులుకున్నాయి. మనిషి బోర్లా షావుకారు గారి కాళ్ళ ముందు పడ్డాడు.

మేం ముగ్గురం కలిసి లేవనెత్తాం. మోచెయ్యి చీరుకుపోయింది. షావుకారు గారు ఉత్తరీయంతో ఆ రక్తం తుడిచారు. తుడుస్తూనే, ఎప్పటిలాగే మెత్తగా అన్నారు.

"గడప దాటలేని కాలు లాకేం దాటిస్తుందండీ?"

నాన్న గోడ పట్టుకుని మంచం దగ్గరికి పోయి కూలబడ్డాడు. నీళ్ళు వదలడానికి ఇంకా పదిహేను రోజులున్నాయని అమ్మ గుర్తు చేసింది. షావుకారు గారు తల ఊపి వెళ్ళిపోయారు.

వాకిట్లో నిలబడి, ఏడు వీశెలు తొక్కే కాలు జానెడు గడప దగ్గర ఎందుకు ఓడిపోయిందా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు కనిపించింది. గడప దగ్గర మొదలై నూతిదాకా, మట్టిలో సన్నటి గీత. నాన్న ఎడమ బొటనవేలు ఈడ్చుకుపోయిన గీత. ఆయన నడవడం మొదలుపెట్టిన నాటినుంచీ అది రోజూ అక్కడే ఉంది. రోజూ పొద్దున్నే నేను దాన్ని చీపురుతో చెరిపేసి, కళ్ళాపి చల్లి, దాని మీద ముగ్గు వేస్తూ వచ్చాను.

మేం పడవలవాళ్ళం. మాకు కాలు ఉన్నది తొక్కడానికి. కాలు బలం ఎంత అంటే ఎంత తొక్కగలడు అనే. పాదం పైకి లేవాలన్న సంగతి మాలో ఎవరికీ తోచలేదు. తక్కెడకు తోచే వీలే లేదు, దానికి దిగే పాదం తెలుసు గాని లేచే పాదం తెలియదు. ఇంట్లో ముగ్గురం రెండు నెలలపాటు ఆ కాలి ముందు కూర్చుని, దాని సగం పనినే తూచాం. నా మీద నాకు పట్టరానంత కోపం వచ్చింది.

మర్నాడు తక్కెడ దించేశాను. నాన్న గోడవైపు తిరిగి ఉన్నాడు.

"చుక్కానిని తొక్కుతారు గాని ఎత్తరు కదే. ఈ ఎత్తుడు గోలెందుకు నాకు?" అన్నాడు.

"పడవ దాకా గాల్లో వెళ్తావా నాన్నా? గట్టు మీంచి బల్ల మీద నడిచే కదా ఎక్కాలి."

"కోరుకొండ మెట్లన్నీ నడిపించి తీసుకొస్తానని సామికి మొక్కుకున్నాను," అంది అమ్మ.

"ముందు ఇంటి గడప ఎక్కించు, కొండ సంగతి తర్వాత చూద్దాం," అన్నాను.

విసురువల అంచుకు కట్టే సీసం గుళ్ళు మా ఇంట్లో బుట్టెడు ఉన్నాయి. వాటిని దారానికి గుచ్చి పాదం ముందు భాగానికి వేలాడదీయాలనుకున్నాను. మడమ ఇటుక మీదే ఉంచి, వేళ్ళు పైకెత్తి పాదం సమంగా నిలబెట్టాలి. ఎన్ని గుళ్ళతో నిలబెడితే అంత బలం. కుడి కాలు ఎన్ని కట్టినా ఎత్తేసింది. ఎడమ కాలికి ఒక్క గుండు కూడా కట్టే పని పడలేదు, దాని బరువు అదే ఎత్తుకోలేకపోయింది. వేళ్ళు వేలాడుతూ ఉండిపోయాయి. రెండు నెలల తర్వాత మళ్ళీ ఖాళీ పళ్ళెం దగ్గరికి వచ్చాం. తేడా ఏమిటంటే ఈసారి చేతిలో ఉన్నవి పదిహేను రోజులే.

నాన్న ఈసారి తీసెయ్యమనలేదు. పళ్ళు బిగించి ఆ పాదం వైపే చూస్తూ కూర్చునేవాడు. నాలుగో రోజుకి ఉత్త పాదం లేచి సమంగా నిలబడింది. ఏడో రోజుకి ఒక గుండుతో, తొమ్మిదో రోజుకి రెండు గుళ్ళతో లేచింది. అక్కడితో ఆగిపోయింది. పది, పదకొండు, పన్నెండు రోజులు, అదే రెండు. నడిచేటప్పుడు మొదటి పది అడుగులు బాగానే పడేవి. తర్వాత కాలు అలిసిపోయి, మళ్ళీ బొటనవేలు గీత గీసేది. వాకిట్లో ఆ గీత ఎక్కడ మొదలవుతుందో ఇప్పుడు నేను రోజూ చూసుకుంటున్నాను.

పదమూడో రోజున మూడో గుండు కట్టాను. పాదం సమంగా వచ్చిందో లేదో తెలియడానికి నా అరచెయ్యి కింద పెట్టి చూస్తాను. నాన్న ముఖం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి. పాదం వణుకుతూ ఎక్కడిదక్కడే ఆగింది. ఆ ముఖం చూడలేకపోయాను. నా చిటికెన వేలు దానంతటదే పైకి పోయి ఆయన బొటనవేలిని కొంచెం ఎత్తింది.

"మూడు," అన్నాను.

అమ్మ చప్పట్లు కొట్టింది. నాన్న కొట్టలేదు. నా చిటికెన వేలి వైపు చూశాడు.

"ఎవరికే దండి కొడతన్నావు? నాకా, లాకుకా?"

నా జన్మలో అంత సిగ్గు ఎన్నడూ పడలేదు. కుళ్ళిన చేప అమ్ముతూ పట్టుబడినా అంత ఉండదు. తల వంచుకుని, "రెండే నాన్నా," అన్నాను. ఆ మాట అన్నాక ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

ఆయన మాత్రం హాయిగా వెనక్కి వాలాడు. "ఆ, అలా చెప్పు. రెండంటే రెండే. ఎంత తక్కువో తెలిస్తే కదా ఎంత కట్టుకోవాలో తెలిసేది. వల అల్లే దారం ఇలా తే."

ఆ మధ్యాహ్నమంతా కూర్చుని అల్లాడు. మోకాలి కింద చుట్టుకునే ఒక పట్టీ, పాదం ముందు భాగానికి ఒక పట్టీ, రెండింటినీ కలుపుతూ కాలి ముందు వైపు రెండు పేటల దారం. దాన్ని బిగిస్తే వేళ్ళు వేలాడవు, పాదం సమంగా నిలబడుతుంది. పై చివర జారుముడి వేశాడు. నడిచేటప్పుడు బిగించుకుంటాడు, చుక్కాని దగ్గర కూర్చున్నాక ఒక్క లాగుతో వదులు చేసుకుంటాడు, తొక్కుడుకు అడ్డు రాదు. చింకి వలలు బాగుచేయాల్సి వస్తుందని భయపడ్డ మనిషి తన కాలినే బాగు చేసుకున్నాడు. కట్టుకుని నూతిదాకా రెండుసార్లు తిరిగాడు. పట్టీ కొరుక్కుపోతోందని అమ్మ పాత చీర పేలిక మడిచి కింద పెట్టింది.

నీళ్ళు వదిలిన రోజు రేవంతా జనం. ఎండిన కాలువలోకి ఎర్రనీళ్ళు వచ్చి పడవలన్నీ ఒక్కొక్కటిగా నేలను వదిలాయి. మా పడవ దగ్గర షావుకారు గారున్నారు. పక్కనే ఆయన మాట్లాడి పెట్టుకున్న కొత్త తండేలు చంకలో మూటతో సిద్ధంగా ఉన్నాడు. నాన్న కర్ర లేకుండా గట్టు దిగి, బల్ల మీద కాలు పెట్టాడు. బల్ల మా ఇంటి గడప కంటే సన్నం. నేను ఎడమ కాలి వేళ్ళనే చూస్తున్నాను. ఎక్కడా తగల్లేదు. పడవలోకి దిగి ఆయన చోట ఆయన కూర్చున్నాడు.

షావుకారు గారి చూపు కాలి కట్టు మీద పడింది. "ఏంటండీ తండేలు గారూ, కాలికి ఆ తాళ్ళేంటి?"

"పడవకి ఇన్ని తాళ్ళు కట్టి నడుపుతన్నాం కదండీ. కాలికి ఒక్క తాడు కడితే తప్పేంటండీ?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. షావుకారు గారు నవ్వలేదు, ఆలోచించారు. తర్వాత పంచె ఎగ్గట్టి తానే పడవ ఎక్కి బస్తాల మీద కూర్చున్నారు. "మొదటి లాకు దాకా నేనూ వస్తానండి. దాటించండి, చూద్దాం. ఆ తర్వాత పడవ ఎవరిదో చెప్తాను," అన్నారు. కొత్త తండేలు కూడా ఎక్కాడు.

నేను చేపల గంప అమ్మకిచ్చి గట్టు వెంట పడవకు ముందే నడిచాను, నడిచానో పరుగెత్తానో. లాకు గోడ మీద నిలబడ్డాను. కొత్తనీటి వడి ఎక్కువగా ఉంది. పడవ ముక్కు గోడవైపు తిరిగింది. నాన్న ముందుకు వంగి జారుముడి లాగేయడం, పాదం చుక్కాని కర్ర మీద పెట్టడం చూశాను. తొక్కాడు. ఆ తొక్కుడు ఎంతో నాకు తెలుసు. దాన్ని నేను ముడి ముడిగా ఎరుగుదును. పడవ ముక్కు మెల్లగా తిరిగి, రాతిగోడకు జానెడు దూరంలో, నీటిలో చాప పరిచినట్టు లోపలికి వచ్చి ఆగింది. లాకు మనుషులు తలుపులు మూశారు. నాన్న తలెత్తి గోడ మీద నన్ను చూసి, "అలా నోరు తెరుచుకు నిలబడితే చేపలెవరమ్ముతారే?" అని అరిచాడు.

షావుకారు గారు లాకు మెట్ల మీదుగా పైకి వచ్చారు. కొత్త తండేలు ఆయన వెనకే మూటతో సహా వచ్చాడు.

"నీ తూకం సరిపోయిందమ్మా," అన్నారు నాతో.

"ఆయ్, ఈసారి సరిపోయిందండి," అన్నాను.

ఆ తర్వాత నాన్న ఆరేళ్ళు ఆ పడవ నడిపాడు. ఆ కట్టు ఎన్నిసార్లు చిరిగితే అన్నిసార్లు కొత్తది అల్లుకున్నాడు. కోరుకొండ మొక్కు కూడా తీర్చాం. సగం మెట్లు నడిచాడు, సగం కూర్చుని కూర్చుని ఎక్కాడు. నరసింహస్వామి తక్కెడ పట్టుకుని కూర్చోలేదు కాబట్టి అది చెల్లిందనే అనుకుంటున్నాం.

కాని నాకు అన్నిటికంటే గుర్తున్నది పడవ వెళ్ళిన మర్నాటి పొద్దు. చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. అంతకు ముందు రోజు పొద్దున్న పడిన జల్లుకు మట్టి మెత్తబడి, నాన్న వెళ్ళిన అడుగులు గడప దగ్గర నుంచి వీధిదాకా అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. కుడి పాదం, ఎడమ పాదం, కుడి, ఎడమ. ఎడమ పాదానికి అయిదు వేళ్ళూ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఎక్కడా గీత లేదు. చీపురు పక్కన పెట్టేసి అరుగు మీద కూర్చున్నాను.

అమ్మ కళ్ళాపి బిందెతో వచ్చింది. "ఇంకా ఊడవలేదేంటే?"

"ప్రయాణమై వెళ్ళిన మనిషి వెనకాలే ఊడవకూడదని నువ్వే అంటావుగా."

"వెళ్ళింది నిన్న కదే!"

నేను చేత్తో చూపించాను. అమ్మ చూసింది. బిందె కింద పెట్టి వచ్చి, నా పక్కన అరుగు మీద కూర్చుంది.